మిత్రమండలికి పార్టీ లేదు

మా అమ్మ ప్రతి ఆదివారం ఉప్పల్‌లో చర్చికి వెళ్లేది. "మీ విమల ఏం పని జేస్తది?" అని అక్కడ ఎవరైనా అడిగితే "పెండ్లిళ్లు జేస్తది" అని చెప్పేది. వాళ్లు నన్ను సంబంధాలు కుదిర్చే మనిషిననుకుని తమ కొడుకుల ఫొటోలు అమ్మ చేతికిచ్చి పంపేవాళ్లు. అమ్మ వాటిని తెచ్చి నా ముందు పెట్టి, "ఇంక ఏమని జెప్పాలె బిడ్డా? దేవుడు లేని పెండ్లిళ్లు జేస్తదని జెప్తే నన్ను పాటలు పాడనియ్యరు" అని తల పట్టుకునేది.

అమ్మ చెప్పింది అబద్ధం కాదు. హైదరాబాద్ నాచారంలో మానవవాద మిత్రమండలి అనే సంఘానికి నేను పూర్తికాలం కార్యదర్శిని. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ప్రైవేటు బడిలో టీచరు ఉద్యోగం వదిలేసి చేరాను. తెలంగాణ రాష్ట్రం వచ్చాక కూడా కొన్నేళ్లు చేసి, ఈమధ్యే దిగిపోయాను. నా పనిలోకి ఇప్పుడు ఇద్దరు కొత్త అమ్మాయిలు వచ్చారు. "అక్కా, మాకు పని నేర్పండి" అన్నారు. రిజిస్ట్రేషన్లు, రసీదులు, ఫోన్లో గుంపులు కట్టడం వాళ్లు నాకంటే బాగా చేస్తారు. నేను చెప్పగలిగింది ఇంకొకటి. మనిషే ముఖ్యం అనుకునేవాళ్లు ఒక సంఘంగా కలిసి బతకడం ఎలా ఉంటుందో, ఆ సంఘం గుమ్మంలోకి రాజకీయం వచ్చి నిలబడితే ఏం జరుగుతుందో. ఈ మాట ఎత్తితే ఇప్పటికీ నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాదు, లేచి నిలబడి చెప్పాలనిపిస్తుంది. అంత సరదాగా, అంత గొడవగా గడిచింది నా ఉద్యోగం.

ఆదివారాలు

పారిశ్రామికవాడ వెనక ఒక రేకుల షెడ్డు మా హాలు. ఎండాకాలంలో లోపల కూర్చుంటే పెనం మీద కూర్చున్నట్టు ఉండేది. ఆదివారం పొద్దున్నే కుటుంబాలతో సహా వచ్చేవాళ్లు. పిల్లలకు ఒక మూల ప్రయోగాలు, పెద్దలకు ఒక ఉపన్యాసం, దాని మీద పెద్ద వాదన, ఆ తర్వాత అందరం కలిసి వండుకున్న అన్నం. నిజం చెబుతున్నాను, చాలామంది అన్నం కోసమే వచ్చేవాళ్లు. అందులో తప్పేమీ లేదు. గుడికో చర్చికో వెళ్లే మనిషికి ఒక ఊరు ఉంటుంది. అక్కడికి వెళ్లడం మానేసినవాడికి ముందు పోయేది దేవుడు కాదు, పక్కన కూర్చునే మనిషి. ఆ మనిషిని తిరిగి ఇవ్వడం మా పని.

మండలి అధ్యక్షులు వెంకటరత్నం గారు. కృష్ణా జిల్లా నుంచి చిన్న వయసులోనే ఉద్యోగానికి వచ్చి నాచారంలోనే స్థిరపడ్డారు. ఒక మందుల కంపెనీలో రసాయన శాస్త్రవేత్తగా చేసి రిటైరయ్యారు. తెల్ల చొక్కా, గట్టి గొంతు. దేవుడి పేరెత్తితే మీసం కదిలేది. "సభ్యుడిగా చేరేవాడు దేవుణ్ని నమ్మనని నోటితో చెప్పాలి" అనే నిబంధన ఆయన పెట్టిందే. ఉపాధ్యక్షుడు యాదగిరన్న. జనగామ వైపు నుంచి వచ్చి, ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరి, యూనియన్ నాయకుడయ్యాడు. వెంకటరత్నం గారు పుస్తకాలు చదివి నాస్తికుడయ్యారు, యాదగిరన్న సమ్మెలు చేసి అయ్యాడు. ఈ ఇద్దరి మధ్య కుర్చీ నాది.

మావాళ్ల గురించి దాపరికం లేకుండా ఒక మాట చెప్పాలి. మావాళ్లకు మైకు పిచ్చి. ఒకసారి ఒక సభ్యుడు చనిపోతే ఇంటి ముందే సంతాపసభ పెట్టాం. ఒక పెద్దాయన లేచి ఆత్మ లేదని నిరూపించడం మొదలుపెట్టాడు. చనిపోయినాయన భార్య ఎండలో నిలబడి ఉంది. పెద్దాయన ఉపనిషత్తుల దాకా వెళ్లాడు. నేను వెళ్లి మైకు తీసుకుని ఆమె చేతికిచ్చాను. "ఆయనకు ఉల్లిపాయ పకోడి అంటే పాణం" అని మొదలుపెట్టి ఆమె ఎంత బాగా మాట్లాడిందో! ఏడుస్తున్నవాళ్లు నవ్వారు, నవ్వుతున్నవాళ్లు ఏడ్చారు. ఆ రోజు నుంచి సంతాపసభలో మొదటి మాట ఇంటివాళ్లదే అని పద్ధతి పెట్టాను. అమ్మాయిలూ, ఇది మాత్రం మార్చకండి.

అంబర్‌పేట్ పెళ్లికూతురు

చేరిన కొత్తలోనే ఒక దండల పెళ్లి వచ్చింది. అబ్బాయి నాచారంలో లేత్ మెషీన్ మీద పనిచేస్తాడు, అమ్మాయిది అంబర్‌పేట్. కులాలు వేరు. ఇద్దరూ మేజర్లు. మా పెళ్లిలో మంత్రాలుండవు. ఇద్దరూ ఒకరికొకరు తామే రాసుకున్న ప్రమాణం చదువుతారు, దండలు మార్చుకుంటారు, సాక్షులు సంతకాలు పెడతారు.

అమ్మాయి ప్రమాణం చదవబోతుండగా గేటు ముందు జీపులు ఆగాయి. మేనమామలు దిగారు. వెంకటరత్నం గారు వాళ్లకు ఎదురెళ్లి రాజ్యాంగం గురించి చెప్పడం మొదలుపెట్టారు. వాళ్లు ఆయన్ని పక్కకు తోసి లోపలికి వస్తున్నారు. అప్పుడే యాదగిరన్న ఫోన్ పెట్టేసి, "అక్కా, నువ్వు పోరిని గట్టిగ పట్టుకో. మనిషి వస్తున్నడు" అన్నాడు.

వచ్చింది మల్లేశ్. అప్పటికి అతను ఉప్పల్లో ఒక పార్టీకి చోటా నాయకుడు. తెల్ల ఖద్దరు, వెనక బైకుల మీద కుర్రాళ్లు. వస్తూనే పెద్ద మేనమామ భుజం మీద చెయ్యేశాడు.

"మామా, ఏంది గీ లొల్లి? పోరి మేజర్. రేపు కేసయితే నీ కొడుకు నౌకరి ఏమయితదో ఆలోచన జేసినవా? కూసో జర. చాయ్ తాగు."

మామ కూర్చున్నాడు. చాయ్ తాగాడు. మల్లేశ్ ఆయన చెవిలో ఏదేదో చెబుతూనే ఉన్నాడు. ఈలోగా అమ్మాయి నా చెయ్యి వదిలించుకుని మైకు దగ్గరికి వెళ్లి ప్రమాణం మొత్తం గడగడా చదివేసింది. మామ తలెత్తలేదు, లేచి కూడా వెళ్లలేదు. చివరికి వెళ్లేటప్పుడు మేనకోడలి తల మీద చెయ్యి పెట్టి వెళ్లాడు. హాలంతా చప్పట్లు! నా గొంతు పోయేదాకా అరిచాను.

ఆ తర్వాత ఎన్నికలు వచ్చాయి. మల్లేశ్ మిఠాయి డబ్బాతో వచ్చాడు. "సార్, మీటింగ్ వెడుతున్న. మీరు స్టేజీ మీద కూసుంటే చాలు. మాట్లాడకున్నా మంచిదే" అన్నాడు.

వెంకటరత్నం గారు చేతులు జోడించారు. "మల్లేశ్, ఆ రోజు నువ్వు చేసింది చాలా గొప్ప పని. నీకు రుణపడి ఉంటాను. కానీ మండలి పేరు నీ స్టేజీ ఎక్కదయ్యా. ఎల్లుండి నీ ఎదుటి పార్టీవాళ్ల ఇంట్లో పిల్ల వచ్చి తలుపు కొడితే, ఆ పిల్ల మమ్మల్ని నమ్మాలి కదా."

మల్లేశ్ నొచ్చుకున్నాడు గానీ మిఠాయి వదిలేసే వెళ్లాడు. అతను గేటు దాటగానే యాదగిరన్న అందుకున్నాడు. "సార్, పెండ్లినాడు రాజకీయం గావాలె, తెల్లారితే వద్దా? గిదేం ఇన్సాఫ్?"

వెంకటరత్నం గారు మిఠాయి డబ్బా నా వైపు జరిపారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. రాజకీయాన్ని అంటుకోని సంఘం ఆపదలో ఉన్నవాళ్లకు పనికిరాదు. ఒక పార్టీకి తోక అయిపోయిన సంఘం మిగతా పార్టీల ఇళ్లలో ఆపదలో ఉన్నవాళ్లకు పనికిరాదు. నా ఉద్యోగమంతా ఈ రెంటి మధ్య తాడు మీద నడకే.

ఎదుటివాడి వాదన

తెలంగాణ ఉద్యమం ముదిరింది. ఉప్పల్ చౌరస్తాలో దీక్షా శిబిరం వెలిసింది. రోడ్ల మీద వంటావార్పు, బంద్‌లు, ఊరేగింపులు. మండలిలో సగం మంది కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు, సగం మంది ఇక్కడివాళ్లు. అన్నం తినేటప్పుడు కూడా రెండు వైపులుగా కూర్చోవడం మొదలైంది.

యాదగిరన్న తీర్మానం పెట్టాడు: ప్రత్యేక రాష్ట్రానికి మండలి మద్దతు ప్రకటించాలి. వెంకటరత్నం గారు కుదరదన్నారు. ఇది పార్టీ విషయం అని ఆయన, న్యాయం విషయం అని యాదగిరన్న. నా మనసు ఎటుందో దాచను, నాకు తెలంగాణ కావాలి. కానీ కార్యదర్శి కుర్చీలో కూర్చున్నప్పుడు నాకు ఇంకొకటి కూడా కావాలి. మండలి మిగలాలి.

బడిలో పిల్లలు కొట్లాడుకుంటే నేనొక చిట్కా వాడేదాన్ని. అది తీసి బయటపెట్టాను. "మీ వాదన మీరు చెప్పొద్దు. ముందు ఎదుటివాళ్ల వాదన చెప్పండి. ‘అవును, నేననేది ఇదే’ అని వాళ్లు ఒప్పుకుంటేనే మీ వంతు వస్తుంది" అన్నాను. అందరూ గొణిగారు, చివరికి ఒప్పుకున్నారు.

ఆ ఆదివారం షెడ్డులో కాలు పెట్టే చోటు లేదు. ముందు వెంకటరత్నం గారు లేచారు. నీళ్ల గురించి చెప్పారు, ఉద్యోగాల గురించి చెప్పారు. బాగానే చెప్పారు గానీ పాఠం అప్పజెప్పినట్టు ఉంది. యాదగిరన్న తల అడ్డంగా ఊపాడు. "ఇంకొకటి మర్చిపోయిన్రు సార్."

ఆయన చేతిలో కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. తర్వాత గొంతు మారింది. "మేం మాట్లాడితే మీరు నవ్వారు. సినిమాలో మా భాష రౌడీకీ పనిమనిషికీ పెట్టారు. మా ఊళ్లోనే మేం మాట్లాడటానికి సిగ్గుపడేలా చేశారు." ఆగి, యాదగిరన్న వైపు తిరిగారు. "యాదగిరీ, నీ మాట నేను ఎన్నిసార్లు సరిదిద్దానయ్యా?"

"లెక్క లేదు సార్."

"ఇదేనా నువ్వనేది?"

యాదగిరన్న కళ్లు తుడుచుకున్నాడు. "గిదే సార్. గిదే నేననేది."

ఇప్పుడు అతని వంతు. సమ్మెల్లో వేల మంది ముందు మాట్లాడిన మనిషి మైకు ముందు తడబడ్డాడు. తర్వాత ఇలా అన్నాడు: "నేను చిన్నగున్నప్పుడే ఈడికొచ్చిన. గీ నాచారంల ఇల్లు గట్టుకున్న. నా పిల్లలు గీన్నే పుట్టిన్రు, గీన్నే సదువుకున్నరు. కృష్ణా జిల్లాల నా ఊర్ల నన్ను గుర్తువట్టేటోడు లేడు. రేపు నువ్వు ఈడోనివి కాదు, పో అంటే నేను ఏడికి వోవాలె? ఎవ్వడు జెప్తడు నాకు?" వెనక వరసలో గుంటూరు నుంచి వచ్చిన ఒకావిడ వెక్కి వెక్కి ఏడ్చింది. వెంకటరత్నం గారు లేచి నిలబడి, "అదే. అంతకంటే బాగా నేను కూడా చెప్పలేను" అన్నారు.

నేను గాలిలో తేలుతున్నాను. అయిపోయింది, గెలిచాం అనుకున్నాను. ఓటింగ్ పెట్టాం. తీర్మానం వీగిపోయింది. యాదగిరన్న నెమ్మదిగా లేచాడు. "సార్, మీ మీద నాకు కోపం లేదు. కని నేను శిబిరంల కూసోవాలె. ఈడ కూసుంటే నాకు నిద్రవట్టదు" అని వెళ్లిపోయాడు. అతనితో పాటు సగం హాలు వెళ్లిపోయింది.

ఒకరినొకరు అర్థం చేసుకున్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. కానీ ఆ ఆదివారం వృథా అని నేనెప్పుడూ అనుకోలేదు. విడిపోయినవాళ్లు ఒకరినొకరు తిట్టుకోకుండా విడిపోయారు. మళ్లీ కలవాల్సి వచ్చినప్పుడు అది ఎంత పనికొచ్చిందో వినండి.

నిమ్మకాయ

రాష్ట్రం ఖాయమైందని, లేదని రోజుకో వార్త వస్తున్న కాలం. మా సభ్యుడొకాయన ఏఎస్ రావు నగర్ కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పేవాడు. శుక్రవారం మధ్యాహ్నం ఆయన స్కూటర్ మీద ఒకావిడను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె పేరు రాజమ్మ. అన్నోజిగూడ దాటాక హైవే పక్కన జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. వెనకే ఉన్న కొత్త కాలనీలో ఒక్కతే ఉంటుంది. ఆ కాలనీలో పిల్లలు వాంతులు, విరేచనాలతో దవాఖాన పాలయ్యారు. ఒక ముసలాయన చనిపోయాడు. చేతబడి జరిగిందన్నారు. ఎవరో స్వామిని పిలిపించారు. ఆయన ఆదివారం పొద్దున ఇంటింటి ముందూ నిమ్మకాయ కోస్తాడట. ఎవరి గుమ్మంలో నిమ్మకాయ నెత్తురు కక్కితే చేతబడి చేసింది వాళ్లే. కానీ రాజమ్మ పేరు అప్పటికే అందరి నోళ్లలో ఉంది. ఒంటరి ఆడది, మొన్నెప్పుడో ఎవరితోనో నీళ్ల దగ్గర గొడవ పడింది. ఇంకేం కావాలి?

"ఊరికి పొమ్మంటున్రు అమ్మా," అంది రాజమ్మ. ఆమె ఏడవలేదు. కోపంగా ఉంది. "పోతే నేనే జేసినట్టు ఒప్పుకున్నట్టు గాదా? నేను పోను. కని ఆదివారం నాతోని ఎవలన్న నిలవడాలె."

వెంకటరత్నం గారికి నిమ్మకాయ మాట వినగానే కళ్లు మెరిశాయి. "మందార పువ్వు!" అని అరిచారు. పక్కింటి దొడ్లోంచి మందారాలు కోసుకొచ్చి, మా వంటింటి కత్తికి బాగా రుద్ది ఆరబెట్టారు. నిమ్మకాయ కోశారు. ఎర్రటి రసం బొటబొటా కారింది. రాజమ్మ అడుగు వెనక్కి వేసి, మళ్లీ ముందుకొచ్చి, కత్తి తీసుకుని ఇంకో కాయ తనే కోసింది. "ఓరి నీ పాడుగాను! గింతేనా?" అంది. అందరం పగలబడి నవ్వాం.

స్వామి రాకముందే, శనివారం సాయంత్రమే కాలనీలో ఈ పని మేం చేసి చూపించాలి. కానీ రేకుల షెడ్డు నుంచి ఎవరో వచ్చి నిమ్మకాయలు కోస్తే వాళ్లు నమ్మరు. వాళ్లు ఓటేసే మనుషులు, వాళ్లకు తెలిసిన మొహాలు కావాలి. నేను ముందు ఉప్పల్ శిబిరానికి వెళ్లాను. చాలా కాలం తర్వాత యాదగిరన్నతో మాట్లాడటం అదే. విషయం సగం చెప్పేసరికే లేచి చెప్పులు వేసుకున్నాడు. "సార్ వస్తున్నడా?" అని అడిగాడు. వస్తున్నారన్నాను. "మరి నడువు."

మల్లేశ్ దగ్గర కష్టమైంది. "అక్కా, గా కాలనీల మస్తు ఓట్లున్నయి. వాళ్ల నమ్మకం మీద నేను చెయ్యి వెయ్యలేను" అన్నాడు.

"మంచిదే. ఎదుటి పార్టీవాళ్లు వస్తామన్నారు, వాళ్లతో కానిచ్చేస్తాం" అన్నాను.

"ఎవలు? వాడు వస్తున్నడా?" మల్లేశ్ కుర్చీలోంచి లేచాడు. "ఎన్ని గంటలకు?"

అక్కడి నుంచి నేరుగా ఎదుటి పార్టీ నాయకుడి దగ్గరికి వెళ్లి, మల్లేశ్ వస్తున్నాడని చెప్పాను. ఆయనా లేచాడు. మొదటిసారి చెప్పినప్పుడు అది కాస్త అబద్ధమే. సాయంత్రానికి పూర్తిగా నిజమైంది. పోలీస్ స్టేషన్‌లో కూడా చెప్పాం, బందోబస్తుల హడావిడిలో కూడా ఇద్దరు కానిస్టేబుళ్లను పంపారు.

ఆ శనివారం సాయంత్రం! కాలనీ మధ్యలో బల్ల వేశాం. ఒకరి మొహం ఒకరు చూడని నాయకులు ఒకే బల్ల దగ్గర నిలబడ్డారు. మండలిని వదిలి వెళ్లినవాళ్లూ, ఉండిపోయినవాళ్లూ కలిసి జనాన్ని కూర్చోబెడుతున్నారు. వెంకటరత్నం గారు కత్తి తీసి మల్లేశ్ చేతికిచ్చారు. అతను కోశాడు. నెత్తురు! జనం హాహాకారాలు చేశారు. ఎదుటి పార్టీ నాయకుడు కోశాడు. నెత్తురు! యాదగిరన్న, కానిస్టేబులు, కాలనీ పెద్దమనిషి. కోసినవాళ్లందరి కాయలూ ఎర్రబడ్డాయి. యాదగిరన్న మైకందుకుని, "మరి మేమందరం చేతబడి జేసినట్టేనా? మా అందర్ని ఎల్లగొడ్తరా?" అన్నాడు. ఒక ముసలమ్మ నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. వెంకటరత్నం గారు మందార పువ్వు పైకెత్తి చూపించారు. పిల్లలు కత్తి కోసం ఎగబడ్డారు.

అప్పుడు వెనక నుంచి ఒక మనిషి ముందుకొచ్చాడు. అతని కూతురు ఇంకా దవాఖానలోనే ఉంది. "మంచిగనే నవ్వుతున్రు. కని నా బిడ్డకు ఎందుకు బీమారి వచ్చిందో అది జెప్పున్రి" అన్నాడు.

నవ్వు ఆగిపోయింది. అమ్మాయిలూ, మన పనిలో అసలు ఘట్టం ఇది. మోసం బయటపెట్టి చప్పట్లు కొట్టించుకుని ఇంటికెళ్లిపోతే, ఆ తండ్రి భయం అలాగే ఉంటుంది. వారం తిరక్కుండా ఇంకో స్వామి వస్తాడు.

"నీళ్లు ఏడికెల్లి తెచ్చుకుంటున్రు?" అని యాదగిరన్న అడిగాడు. చూపించారు. కాలనీకి వచ్చే పైపు మురికికాలువలోంచే వస్తోంది, ఒకచోట పగిలి ఉంది. వెంకటరత్నం గారు సీసాలో నీళ్లు పట్టి వాసన చూసి, మల్లేశ్ ముక్కు దగ్గర పెట్టారు. మల్లేశ్ మొహం తిప్పుకున్నాడు. "గీ పైపు ఏసింది మీ పార్టీ ఉన్నప్పుడే" అని ఎదుటి నాయకుడు. "రిపేరు ఆపింది మీరు" అని మల్లేశ్. గొడవ మొదలైంది. ఆ తండ్రి ఇద్దరి మధ్యా నిలబడి, "ఎవలేసినా గాని. ఎప్పుడు బాగుజేస్తరు?" అన్నాడు. కాలనీ మొత్తం అదే మాట అందుకుంది. పొద్దున దాకా ఒక ఆడదాని మీద ఉన్న వేలు ఇప్పుడు వెళ్లాల్సిన వైపుకు తిరిగింది!

నాయకులిద్దరూ ఒకరితో ఒకరు పోటీపడి మాటిచ్చారు. ఆదివారం పొద్దున్నే నీళ్ల ట్యాంకర్ వచ్చింది. ఆటోలో స్వామి కూడా వచ్చాడు. బిందెల వరస, చేతుల్లో ఎర్ర నిమ్మకాయలతో ఆడుకుంటున్న పిల్లలు, పోలీసులు కనిపించారు. ఆటో దిగకుండానే వెనక్కి తిప్పించాడు. పైపు మార్చడానికి మాత్రం మేం చాలాసార్లు తిరగాల్సి వచ్చింది. ఆ తండ్రి ప్రతిసారీ మాతో వచ్చాడు. అతని కూతురు కోలుకుంది.

రాజమ్మ రొట్టెలు కొనడానికి కాలనీవాళ్లు కొన్నాళ్లు జంకారు. యాదగిరన్న ఉప్పల్ శిబిరానికి మధ్యాహ్నం రొట్టెలు ఆమె దగ్గరే చెప్పాడు. అన్నం మాత్రమే తినే వెంకటరత్నం గారు కూడా అలవాటు చేసుకున్నారు.

ఆ ఇద్దరిలో ఎవరిది సరైన మాట అని మీరడిగితే, ఆ శనివారానికి ఇద్దరిదీ అవసరమైంది. పార్టీల్లో మా మనుషులు, మాకు తెలిసినవాళ్లు లేకపోతే నాయకులు వచ్చేవాళ్లు కాదు. మండలి ఏదో ఒక పార్టీదై ఉంటే అందరూ వచ్చేవాళ్లు కాదు.

రాజమ్మ ప్రశ్న

తెలంగాణ వచ్చింది. ఆ రోజు ఉప్పల్లో రంగులు, డప్పులు, నేను కూడా వయసు మర్చిపోయి ఆడాను. తర్వాతి ఆదివారం హాలు మళ్లీ నిండింది. యాదగిరన్న తన పాత కుర్చీలో కూర్చున్నాడు. వెంకటరత్నం గారు లేచి, "కొత్త రాష్ట్రంలో ఇది మన మొదటి సభ" అని, ఆగి, "గిది మన రాష్ట్రం" అన్నారు. యాస అస్సలు కుదరలేదు. జనం ఈలలు వేశారు.

అప్పుడు రాజమ్మ నిలబడింది. చాన్నాళ్లుగా వస్తోంది గానీ సభ్యురాలు కాదు. "సార్, నేను సంఘంల జేరుత. కని అబద్ధం జెప్ప. నేను పోశమ్మకు బోనం ఎత్తుత. ఎత్తుతనే ఉంట. నాకు జాగ ఉంటదా?"

హాలు గుప్పున మండింది. ఆశ్చర్యమేమిటంటే గట్టిగా వ్యతిరేకించింది యాదగిరన్న. "రాజమ్మా, నువ్వంటే మాకు గౌరవం. కని సార్, గీ తలుపు తెరిస్తే రేపు మనది భజన మండలి అయితది!" వెంకటరత్నం గారు రాజమ్మనే అడిగారు. "అమ్మా, రేపు మీ కాలనీలో ఇంకో ఆడమనిషిని మంత్రగత్తె అంటే ఏం చేస్తావు?"

"అడ్డం నిలవడ్త."

"పోశమ్మ పేరు చెప్పి అంటే?"

"పోశమ్మకు నేను జెప్పుకుంట సార్. ముందైతే అడ్డం నిలవడ్త."

ఆయన హాలు వైపు తిరిగారు. "ఆ నిబంధన పెట్టింది నేను. తీసేయమని అడుగుతున్నది కూడా నేనే. నమ్మకం సంగతి నేను ఇకముందు కూడా ఆమెతో వాదిస్తాను, వదిలిపెట్టను. కానీ పక్కన కూర్చుని వాదిస్తాను."

ఎంత వాదన జరిగిందని! అన్నం చల్లారిపోయింది. ఎవరూ కదల్లేదు. ముగ్గురు నలుగురు కుర్చీలెక్కి మాట్లాడారు. చివరికి చేతులెత్తారు. నిబంధన పోయింది. యాదగిరన్న చెయ్యి ఎత్తలేదు, కానీ మొదట లేచి వెళ్లి రాజమ్మను ముందు వరసలో కూర్చోబెట్టింది అతనే.

కూర్చున్న మరుక్షణమే ఆమె మళ్లీ చెయ్యెత్తింది. "ఇగ నేను మెంబర్నే గద సార్? మా కాలనీల అంగన్‌వాడీ లేదు. పొద్దుగాల పనికి పోయేటోళ్లు పిల్లల్ని తాళమేసి పోతున్నరు. రాష్ట్రం మనదే అయింది గద. ఇప్పుడు ఎవలను అడగాలె?"

వెంకటరత్నం గారు, యాదగిరన్న ఒకేసారి జవాబు చెప్పబోయి, ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేశారు. సోమవారం పొద్దున అంగన్‌వాడీలు మంజూరు చేసే సర్కారు ఆఫీసుకు అందరం కలిసి వెళ్లాం. రాజమ్మ ముందు నడిచింది. అంగన్‌వాడీ రావడానికి చాలా కాలం పట్టింది, కానీ వచ్చింది.